7వ నంబరు ట్రామ్, మార్స్‌డోర్ఫ్ స్టాప్

కొలోన్‌లో నేను దిగింది 2014 చలికాలంలో. చీకటి విడవకముందే, పొద్దున ఆరింటికి, ఫ్రెచెన్ వైపు వెళ్లే 7వ నంబరు ట్రామ్ ఎక్కేవాణ్ణి. మాది చిన్న కంపెనీ. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు. అలాంటి ఇంజన్లకు గాలి మోసే పైపుల్ని బెంచీ మీద పరీక్షించి, సంతకం పెట్టి పంపుతాం. దారిలో మార్స్‌డోర్ఫ్ స్టాప్ వస్తుంది. అక్కడే టయోటా వాళ్ల రేసింగ్ కార్ఖానా. వీధి పేరు కూడా టయోటా అల్లే. జపాన్ కంపెనీ రేసు కారు జర్మనీలో తయారవుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

చెప్పింది మా మాయిస్టర్. మాయిస్టర్ అంటే పనిలో చేయి తిరిగి, పరీక్ష పాసై పట్టా తీసుకున్నవాడు. మన మేస్త్రీ అనుకోవచ్చు, ఆ మాట వినగానే నాకు సగం బెరుకు పోయింది. అరవై దగ్గరపడిన మనిషి. ఓవె ఆండర్సన్ కాలం నుంచి టయోటా రేసు జట్టు అభిమాని. ఆండర్సన్ స్వీడన్‌కి చెందిన కార్ల ర్యాలీ డ్రైవర్, 1971లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. తర్వాత టయోటా కార్లతో జట్టు కట్టి, 1979లో దాన్ని కొలోన్‌కి తెచ్చాడు. టయోటా సెలికా కార్లతో ప్రపంచ ర్యాలీ టైటిళ్లు గెలిచారు. 1995లో టర్బోకి వెళ్లే గాలిని అదుపు చేసే రిస్ట్రిక్టర్‌ని తారుమారు చేసి దొరికిపోయారు, ఏడాది నిషేధం పడింది. మాయిస్టర్ దాన్నేమీ కప్పిపుచ్చడు. మోసం మోసమే అంటాడు.

ఆయనకి అసలు నొప్పి ల మాన్స్. ఫ్రాన్సులో 13.6 కిలోమీటర్ల సర్క్యూట్. శనివారం మధ్యాహ్నం మొదలై ఆదివారం మధ్యాహ్నం దాకా, ముగ్గురు డ్రైవర్లు వంతులేసుకుని 24 గంటలు నడపాలి. టయోటా అక్కడికి 1985 నుంచి వెళ్తోంది. 1998లో కొలోన్‌లో కట్టిన జీటీ-వన్ కారు ముందుండి, ఇంకో గంటన్నరలో గెలుస్తుందనగా గేర్‌బాక్స్ పోయింది. మరుసటి ఏడు చివరి గంటలో బీఎండబ్ల్యూని తరుముతుంటే టైరు పేలి రెండో స్థానం. తర్వాత ఫార్ములా వన్‌లో 8 సీజన్లు, ఒక్క గెలుపూ లేదు. 2012లో పెట్రోలుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న హైబ్రిడ్ కారుతో మళ్లీ ల మాన్స్‌కే వచ్చారు. నేను వచ్చిన 2014లోనైతే ముందున్న కారు రాత్రిపూట ఒక తీగ కాలి ఆగిపోయింది.

నా మొదటి ఏడాదిలో ఒక తప్పు చేశాను. ప్రెషర్ పరీక్షలో ఒక పైపుకి గేజీ సూది కాస్త కిందికి జారింది. షిఫ్టు అయిపోవస్తోంది. చలికి అలా చూపిస్తోందిలే అనుకుని ఓకే రాసి సంతకం పెట్టాను. మూడు వారాలకి ఆ పైపు చీలి వెనక్కొచ్చింది. ఉద్యోగం పోతే వీసా కూడా పోయే రోజులవి. రాత్రి కంటి మీద కునుకు లేదు. పొద్దున మాయిస్టర్ పైపుని బల్ల మీద పెట్టాడు. సంతకం ఎవరిదని అడగలేదు. "సూది జారినప్పుడు ఇంకేం చూశావు?" అన్నాడు. రెండు గంటలు ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. క్లాంపు అంచు పదునుగా ఉండి లోపల్లోపల రబ్బరుని కోస్తోందని తేలింది. పైపుకి తేదీ రాసిన చీటీ కట్టి నా బెంచీ పైన మేకుకి తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

2016 జూన్ 19, ఆదివారం. ఊరి చివర మాయిస్టర్ అద్దెకి తీసుకున్న తోటలో రేసు చూస్తున్నాం. టయోటా 5వ నంబరు కారు ముందుంది, నడుపుతున్నది కజుకి నకజిమా. ఇంకొన్ని నిమిషాలే. మాయిస్టర్ అప్పటికే లేచి నిలబడ్డాడు. నకజిమా రేడియోలో పవర్ లేదన్నాడు. కారు నిదానించి, నిదానించి, స్టార్ట్ గీత దాటీ దాటగానే పిట్ (రేసు మధ్యలో కార్లు ఆగి టైర్లు, ఇంధనం మార్చుకునే చోటు) గోడ పక్కన ఆగిపోయింది. మూడు నిమిషాలు మిగిలి ఉండగా పోర్షే దాటుకుని పోయింది. మళ్లీ కదిలించి ల్యాపు, అంటే ఆ చుట్టు, ముగించారు గానీ, చివరి ల్యాపుకి పెట్టిన 6 నిమిషాల గడువు దాటినందుకు ఆ కారుని ఫలితాల్లోనే చేర్చలేదు. 23 గంటల 55 నిమిషాల పనికి కాగితం మీద స్థానమే లేదు.

ఇండియాలో అప్పుడు సాయంత్రం ఆరున్నర. నాన్న ఫోన్ చేసే వేళ. తెనాలి డిపోలో ముప్పై ఏళ్లు ఆర్టీసీ మెకానిక్‌గా చేసిన మనిషి. జరిగింది చెప్పాను. ఎవరు గెలిచారని అడగలేదు. "ఏం పోయిందిరా?" అన్నాడు.

తర్వాత టయోటా వాళ్లు చెప్పారు: టర్బోకీ, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కీ మధ్య గాలి వెళ్లే లైన్‌లో లోపం. నాన్నకి చెబితే, "ఆ పైపు లీకైతే బస్సు ఘాట్ రోడ్డు ఎక్కదు. ఇంజను ఆడుతూనే ఉంటుంది, లాగదు," అన్నాడు. ఆ మాట మాయిస్టర్‌కి జర్మన్‌లో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మీ నాన్నని ఒకసారి తీసుకురా అన్నాడు.

2017లో పోల్ పొజిషన్ (అందరికంటే ముందు నుంచి బయలుదేరే స్థానం) కోసం రికార్డు వేగం కొట్టిన టయోటా కారు రాత్రి క్లచ్ పోయి ఆగింది. అప్పుడు జట్టు చేసిన పని నాకు చాలా నచ్చింది. 2018కి ముందు పరీక్షల్లో కావాలనే కష్టాలు సృష్టించుకున్నారు. మూడు చక్రాల మీద కారుని పిట్‌కి తేవడం కూడా సాధన చేశారు. ఆ జూన్‌లో అలోన్సో, బ్యూమీ, నకజిమా 388 ల్యాపులు తిరిగి గెలిచారు. చివర్లో స్టీరింగ్ పట్టింది నకజిమానే. మాయిస్టర్ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. నాన్న ఫోన్లో మళ్లీ అదే అడిగాడు. "ఏం పోలేదు నాన్నా" అని చెప్పగలిగాను.

మరుసటి ఏడాది కూడా టయోటాయే గెలిచింది, కానీ గెలవాల్సిన కారు కాదు. ముందున్న 7వ నంబరు కారుకి గంట మిగిలి ఉండగా పంక్చర్ అయింది. సెన్సర్ తప్పు చక్రాన్ని చూపించింది. మంచి టైరు మార్చి, పోయిన టైరుతోనే కారుని మళ్లీ ట్రాక్ మీదికి పంపారు. సెన్సర్ వైరింగ్‌లో పొరపాటని తర్వాత తేలింది.

సోమవారం పొద్దున నేనూ మాయిస్టరూ మా బెంచీలోని సెన్సర్ తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, ఆ కొస నుంచి ఈ కొస దాకా మీటరు పెట్టి చూశాం. రెండు లేబుళ్లు తారుమారుగా ఉన్నాయి.