బీవర్ రావాలంటే ముందు నీళ్లు నిలవాలి

బీవర్ అంటే చెట్లు కొరికి వాగులకు అడ్డంగా కట్టలు కట్టుకునే జంతువు. కోతకు గురై లోతుగా దిగిపోయిన వాగులో బీవర్ కట్టుకున్న కట్ట పెద్ద వరదొస్తే నిలవడం కష్టం. అందుకే దానికి ఆసరాగా మనమే ఓ నకలు కట్ట వేసిపెట్టాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో బ్రిడ్జ్ క్రీక్ అనే వాగులో 2009లో మొదలైన పని ఈ పద్ధతికి పేరు తెచ్చింది.

రసాయనాలు పట్టించని చెక్క గుంజలు, 7–10 సెం.మీ. మందంవి, మొన చెక్కి వాగుకు అడ్డంగా 30–50 సెం.మీ. ఎడంతో దించండి. పైకి కనిపించేంత పొడవు కనీసం నేలలోనూ ఉండాలి. తర్వాత విల్లో (తడి నేలల్లో పెరిగే ఓ చెట్టు) కొమ్మలను బుట్ట అల్లినట్టు గుంజల మధ్య అల్లి, ఎగువ వైపు మట్టి, గడ్డి, గులకరాళ్లు కూరాలి. నీరు కారుతోందని కంగారుపడొద్దు. కారాలి కూడా, ఇదేం సిమెంటు ఆనకట్ట కాదుగా!

పైనుంచి దూకే నీరు అడుగును తవ్వేసి గుంజలను వదులు చేస్తుంది. దిగువన కొమ్మలను పరుపులా పరిస్తే ఆ దెబ్బ తగ్గుతుంది. గట్టు పక్కనుంచి నీరు దారి చేసుకోవడం ఇంకో బెడద. అల్లికను రెండు గట్లలోకీ పొడిగించాలి. ఒక్క కట్టతో సరిపెట్టొద్దు. వరుసగా వేస్తే కింది కట్ట నిలిపిన నీరే పై కట్ట పాదాన్ని కాస్తుంది.

తిండి లేని చోట బీవర్ ఆగదు. ఆకు రాలాక కోసిన విల్లో కొమ్మలను మూడింట రెండొంతులు తడి నేలలో దిగేలా నాటండి. పశువులు, జింకలు మేయకుండా కంచె తప్పదు. మొక్కలు బలిశాక దాన్ని తీసేయాలి, లేదంటే బీవర్‌కీ అందవు.