రెండు అక్వేరియంల మధ్య నీటి వంతెన: నా అనుభవం

మా హాలులో ఒకే గోడ వారన రెండు అక్వేరియంలు ఉన్నాయి. రెండూ మూడడుగులవే, లోపలి కొలత 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. మొదటిది ఆరేళ్ల క్రితం నేను కొన్నది. రెండవది మా బావగారు బదిలీ మీద వెళ్తూ, చేపలతో సహా మాకు అప్పగించి వెళ్లినది. రెంటినీ ఒకదానికొకటి ఆనించి పెట్టే వీలు లేకుండా మధ్యలో గోడలోంచి ముందుకు పొడుచుకు వచ్చిన పిల్లరు ఒకటి ఉంది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఆ పిల్లర్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అలా రెండు తొట్ల మధ్య అడుగు ఎడం మిగిలింది. ఆ ఎడాన్ని చేపలే తమంతట తాము దాటాలన్న ఆలోచన నాకు వచ్చింది. రోజీ బార్బులు గుంపుగా తిరిగే చేపలు కాబట్టి అక్కడ మూడు, ఇక్కడ ఐదు ఉండడం బాగా లేదని ఇంట్లో చెప్పాను గాని, వలతో పట్టి అటు వేస్తే రెండు నిమిషాల్లో తీరే పని అది. నిజానికి ఇందులో అవసరం కన్నా సరదాయే ఎక్కువ.

తొట్లను కలపడానికి రెండు దారులున్నాయి. రెండింటి పక్క అద్దాలకూ కింది భాగంలో రంధ్రం చేసి గొట్టం బిగించడం మొదటిది. అద్దం టెంపర్డ్ రకమైతే డ్రిల్లు తగలగానే ముక్కలు ముక్కలవుతుంది. మామూలు అద్దమే అయినా, ఎప్పుడైనా ఆ బిగింపు దగ్గర కారడం మొదలైతే రెండు తొట్లూ రంధ్రం మట్టం దాకా ఖాళీ అయి నీరంతా హాలులోకి వస్తుంది. రెండవది, తలకిందులు చేసిన తొట్టి లాంటి వంతెన. దాని రెండు కాళ్లూ చెరొక తొట్టి నీటిలో మునిగి ఉంటాయి, లోపలి గాలిని లాగేస్తే నీరు పైకెక్కి వంతెనంతా నిండుతుంది. బకెట్లో ముంచిన గ్లాసును బోర్లించి పైకెత్తితే, అంచు నీటిలో ఉన్నంతసేపూ గ్లాసులోని నీరు జారిపోదు కదా, ఇదీ అంతే. బయటి గాలి బరువే ఆ నీటిని మోస్తుంది. గాలికి అంత బలం ఉందని 1643లో టోరిచెల్లి పాదరసంతో నిరూపించాడు. నీటి లెక్కలో అది సముద్రమట్టం దగ్గర సుమారు పది మీటర్లు. నాకు కావలసినది 23 సెంటీమీటర్లు మాత్రమే. అంత ఎత్తుకు ఎక్కినప్పుడు చేప మీద ఒత్తిడి కాస్త తగ్గే మాట నిజమే గాని, తొట్టి అడుగు నుంచి పైకి వచ్చినప్పుడల్లా దాని గాలితిత్తి అంతకన్నా ఎక్కువ తేడానే చూస్తుంది.

కాగితం మీద గీసిన కొలతలు ఇవి. అడ్డంగా ఉండే పెట్టె 75 సెంటీమీటర్ల పొడవు, లోపల 15 అడ్డం, 15 ఎత్తు. రెండు చివర్లా కిందికి దిగే కాళ్లు 20 సెంటీమీటర్లు. తొట్టి నీరు అంచుకు 5 సెంటీమీటర్లు కిందుగా ఉంటే, కాలులో 12 సెంటీమీటర్లు నీటిలో మునుగుతుంది, 8 పైన ఉంటుంది. అంటే నీటి మట్టం కంటే పైన నిలబడే నీరు దాదాపు ఇరవై లీటర్లు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. గాలి మోస్తోంది కాబట్టి వంతెన తేలికగా ఉంటుందనుకుంటాము. అది నిజం కాదు. ఆ ఇరవై కిలోల బరువూ వంతెన పైకప్పు మీదుగా కిందికే పడుతుంది. దానిని అద్దాల అంచుల మీద పెట్టే ధైర్యం నాకు లేక, వెల్డింగు షాపులో నేల నుంచి లేచే ఇనుప స్టాండు ఒకటి చేయించి పిల్లరు ముందు నిలబెట్టాను.

వంతెనను సైన్‌బోర్డులు తయారు చేసే చోట 8 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటుతో చేయించాను. వాళ్లు ముక్కలను క్లోరోఫాంతో అతికిస్తారు. అది జిగురులా మధ్యలో నిలవదు, రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటిగా చేస్తుంది. పైకప్పుకు ఒక చివర సన్నని ముక్కు పెట్టించి, ఆ చివర అర సెంటీమీటరు ఎత్తుగా ఉండేలా స్టాండును సరిచేశాను, లోపల చేరే గాలి అంతా ఆ ముక్కు దగ్గరికే పోగవాలని. ఇంటికి తెచ్చాక వంతెనను వెల్లకిలా పెట్టి నీరు నింపి చూస్తే, కుడి కాలు మూల దగ్గర ఒక చుక్క కనిపించింది. మళ్లీ అంత దూరం మోసుకుపోవడానికి బద్ధకించి, ఇంట్లో ఉన్న సిలికాన్ ట్యూబు తీసి ఆ మూలకు పట్టించాను. మర్నాడు చూస్తే చుక్క లేదు. ఈ ఒక్క బద్ధకానికి చెల్లించిన మూల్యం తరువాత వస్తుంది.

తొట్లను కలపడమంటే నీళ్లను కలపడమే. ఒకదానిలో ఉన్న జబ్బు, అమ్మోనియా, మందు అన్నీ రెండవదానికి చేరుతాయి. అందుకని బావగారి చేపలను నెల రోజులు తెల్లమచ్చల జబ్బు కోసం గమనించాను, అమ్మోనియాను విరగ్గొట్టే సూక్ష్మజీవులు చేరాలని పాత ఫిల్టరు స్పాంజిలో సగం కోసి కొత్త తొట్టిలో వేశాను, చివరి వారం రోజూ రెండేసి మగ్గుల నీటిని ఇటు అటు మార్చాను.

జనవరి మొదటి ఆదివారం వంతెనను దించాము. గాలి లాగడానికి 60 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి మందుల షాపు నుంచి తెచ్చి పెట్టుకున్నాను గాని, ఇరవై లీటర్లకు లెక్క వేస్తే మూడు వందల సార్లకు పైగా లాగాలి. నోటితో లాగి లాగి పది నిమిషాలకే తల తిరిగింది. చివరకు, నీటిలో మునిగి తిరిగే చిన్న పవర్‌హెడ్ మోటారుకు గాలి పీల్చే ముక్కు ఉంటుందని గుర్తొచ్చి, వంతెన గొట్టాన్ని దానికి తగిలించాను. మోటారు బుడగలు కక్కుతూ ఉంటే రెండు కాళ్లలోనూ నీరు మెల్లగా, ఒకే మట్టంలో, ఎవరో లోపలి నుంచి లాగుతున్నట్టు పైకెక్కింది. గంటకు పైగా పట్టింది. మా అమ్మాయి అంతసేపూ స్టూలు వేసుకుని కూర్చుంది. నిండాక ఎడమ తొట్టిలో ఒక బకెట్టు నీరు పోసి, కుడి తొట్టి అద్దం మీద పెన్సిలు గీత దగ్గర చూస్తే, అక్కడి మట్టమూ పెరిగింది.

చేపలు మాత్రం మూడు రోజుల వరకు అటువైపు చూడలేదు. జీబ్రా డానియోలు నీటి పై పొరలో తిరుగుతాయి. వంతెన కాలి నోరు 12 సెంటీమీటర్ల లోతున ఉంది. అవి కాలి గోడలకు ముక్కు తగిలించుకుని పక్కకు పోతున్నాయే గాని కిందికి దిగి లోపలికి వెళ్లాలని వాటికి తెలియదు. అప్పుడు ఒక ఉపాయం తోచింది. నీటిపై తేలే మేత గింజలను సన్నని గొట్టంతో కాలి నోటి కింద వదిలితే, అవి తేలుతూ కాలిలోంచి పైకెక్కి నేరుగా వంతెన కప్పు కింద చేరుతాయి. నాలుగవ రోజు సాయంత్రం, నీటి నడుమ తిరిగే రోజీ బార్బుల్లో పెద్దది గింజల వెంట నిలువుగా పైకెక్కింది. కప్పు కింద ఒక గింజ తిన్నది, అక్కడే కాసేపు రెక్కలు ఆడిస్తూ నిలబడింది, తరువాత పిల్లరు ముందుగా ఈదుకుంటూ వెళ్లి అవతలి కాలిలోకి తల వంచి దిగింది. మా అమ్మాయి కేకకు వంటింట్లోంచి అందరూ వచ్చేసరికి వంతెన ఖాళీ. మర్నాటికి మిగిలిన బార్బులూ, వారానికి డానియోలూ దారి పట్టాయి. ఆ తరువాత నాకు వంతెనలోకి మేత వదలవలసిన పని లేకపోయింది. వదలకపోవడమే మంచిది కూడా, తినకుండా మిగిలిన గింజలు కప్పు కింద కుళ్లుతాయి.

ఇంతలో రోజూ ఉదయం వంతెన కప్పు కింద వేలెడు మందాన గాలి కనిపించడం మొదలైంది. సిరంజితో తీసేస్తే మర్నాటికి మళ్లీ వచ్చేది. కీళ్లన్నీ వేలితో తడిమి చూశాను, టిష్యూ కాగితం ఒత్తి చూశాను. ఎక్కడా తడి లేదు. కారడం లేదు కాబట్టి లీకు లేదనీ, తొట్టి నీటిలోకి గాలి వదిలే ఎయిర్ స్టోన్ బుడగలు కాలిలోకి పోతున్నాయనీ తీర్మానించుకుని, స్టోనును దూరంగా జరిపి సంక్రాంతికి ఊరు వెళ్లాము. వెళ్లే ముందు ఇంకొక తెలివితక్కువ పని చేశాను. వంతెన నిండినప్పుడు ఆ ఇరవై లీటర్లూ తొట్లలోంచే పోయినందువల్ల రెండింటి మట్టమూ దాదాపు రెండున్నర సెంటీమీటర్లు తగ్గింది. వెలితిగా కనిపిస్తోందని అంచుకు రెండు సెంటీమీటర్ల దాకా నీరు పోశాను.

నాలుగు రోజుల తరువాత తలుపు తీస్తే హాలులో నేల జిగటగా ఉంది, తొట్టి స్టాండు కింది ప్లైవుడ్డు ఉబ్బింది, వంతెనలో నీరు లేదు. పైకెక్కిన నీరంతా తిరిగి తొట్లలోకి దిగి, వాటిలో చోటు చాలక రెండు మూడు లీటర్లు పొర్లిపోయింది. వంతెన అడుగున మిగిలిన పలుచని తడిలో ఒక రోజీ బార్బు ఎండిపోయి ఉంది. నీరు తగ్గుతున్నప్పుడు మిగిలినవన్నీ కాళ్లలోకి దిగిపోయాయి, అది మాత్రం నడుమ చిక్కుకుపోయింది. మొదటిసారి దాటిన పెద్దది అదేనని మా అమ్మాయి అంటుంది. నాకు పోల్చుకోవడం రాలేదు.

లీకు ఎక్కడుందో ఆ రాత్రి అర్థమైంది. మామూలు తొట్టిలో నీటి ఒత్తిడి బయటికి తోస్తుంది కాబట్టి సందు ఉంటే నీరు బయటికి కారుతుంది. వంతెనలో లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. అక్కడ సందు ఉంటే నీరు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. నేను వారం రోజులుగా తడి కోసం వెతికాను, వెతకవలసినది బుడగల కోసం. వంతెనను మళ్లీ నింపి, హాలులో దీపాలు ఆర్పి, టార్చి వెలుగును కీళ్ల వెంబడి మెల్లగా జరుపుతూ పోతే కుడి కాలు మూల దగ్గర ఆవగింజల్లాంటి బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేస్తూ కనిపించాయి. నేను పట్టించిన సిలికాన్ దగ్గరే. గోటితో గీకితే పాల మీది మీగడలా పొర మొత్తం చేతికి వచ్చింది. అద్దాన్ని అంత గట్టిగా పట్టుకునే సిలికాన్ అక్రిలిక్‌ను పట్టుకోదు. సైన్‌బోర్డుల ఆయనను అడిగితే, "అక్రిలిక్‌కి సిలికాన్ ఏం పడుతుంది సార్, తెచ్చుంటే రెండు నిమిషాల్లో చేసిచ్చేవాణ్ణి గదా" అన్నాడు. చేసి ఇచ్చాడు కూడా, డబ్బులు తీసుకోలేదు. క్లోరోఫాం వాసన పూర్తిగా పోయేదాకా రెండు రోజులు ఎండలో పెట్టి, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, కడిగిన తరువాతే తొట్ల మీదికి ఎక్కించాను.

ఆ తరువాత కూడా గాలి చేరడం పూర్తిగా ఆగలేదు, ఆగదు కూడా. నీటిలో కరిగి ఉన్న గాలి ఒత్తిడి తగ్గిన చోట కొద్దికొద్దిగా విడిపోతుంది, నీరు వెచ్చబడే వేసవి మధ్యాహ్నాలలో మరికాస్త ఎక్కువగా. కాని అది వారానికి ఒక సిరంజి, మహా అయితే రెండు. పవర్‌హెడ్ ముక్కుకు గొట్టాన్ని శాశ్వతంగా తగిలించి ఉంచితే ఆ పని అదే చేసుకుంటుంది. మోటారు చప్పుడు పడక నేను ఆసుపత్రుల్లో సెలైన్‌కు వాడే త్రీవే అనే చిన్న కుళాయి ఒకటి బిగించి చేత్తోనే లాగుతున్నాను. కరెంటు పోయినా వంతెనకు ఏమీ కాదు, దానిని నిలబెట్టేది మోటారు కాదు కాబట్టి.

శుభ్రం చేయడమే అసలైన శ్రమ. కిటికీ వెలుతురుకు అక్రిలిక్ మీద పాచి త్వరగా పడుతుంది, గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. వంచిన తీగకు మెత్తని స్పాంజి కట్టి కాలిలోంచి పంపి తుడుస్తున్నాను, మూలలు ఎప్పుడూ పచ్చగానే మిగులుతాయి. నీళ్లు మార్చడం మాత్రం సులువైంది. ఒక తొట్టిలోంచి తీస్తే రెండూ తగ్గుతాయి, ఒకదానిలో పోస్తే రెండూ నిండుతాయి. తీసేటప్పుడు పది సెంటీమీటర్లు దాటకూడదు. కాలి నోరు నీటిపైన తేలిందంటే వంతెన ఒక్క గుటకలో గాలి మింగి కూలుతుంది. అందుకని అద్దం మీద ఎర్ర టేపు ముక్క ఒకటి అంటించాను.

పాత తొట్టిలో ఒక ముత్యాల గౌరామి ఉంది. ఆ జాతి చేపలు మధ్యమధ్య నీటి పైకి వచ్చి నోటితో గాలి పీల్చుకుంటాయి. అది రోజుకు రెండు మూడు సార్లు కాలిలోంచి వంతెనలోకి ఎక్కుతుంది, కప్పు దాకా వెళ్లి నోరు తగిలిస్తుంది, అక్కడ గాలి దొరకక వెనక్కి దిగిపోతుంది. నేను సిరంజితో తీయడం మరచిపోయిన రోజున మాత్రం ఆ మూల చేరిన బుడగ దగ్గర కాసేపు నిలబడుతుంది. అవతలి తొట్టికి ఇప్పటివరకు ఒక్కసారీ వెళ్లలేదు.

ఈ దసరాకు ఊరు వెళ్లే ముందు నేను త్రీవే తిప్పి వంతెనను దించేశాను. గాలి సన్నగా ఈల వేస్తూ లోపలికి పోతుంటే నీటి మట్టం తగ్గింది, లోపలున్న రెండు డానియోలు చెరొక వైపు దిగిపోయాయి. నడుమ ఏదీ మిగలలేదని టార్చి వేసి చూసుకున్న తరువాతే తలుపు తాళం వేశాను.