ఏడున్నర రీస్టార్ట్‌కి కారణం దొరికింది: పాత పీసీ అప్‌గ్రేడ్, 19వ రోజు

నిన్న రాత్రి 7:20కి కూర్చుని 10:40కి లేచాను. మధ్యలో పీసీ ఒక్కసారి కూడా ఆగలేదు. గోడ ప్లగ్ దగ్గర మీటర్ 158 వోల్టులు చూపిస్తున్నప్పుడు కూడా ఫోర్జా హరైజన్ 5 అనే కార్ల గేమ్ హాయిగా నడిచింది. కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినప్పటి నుంచి రాత్రి ఏడున్నర దాటాక పీసీ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. పందొమ్మిది రోజులుగా దీని కోసమే తిరుగుతున్నాను. టిఫిన్ కూడా చేయకుండా ఇది రాస్తున్నాను.

పీసీ 2015లో కొన్నది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు. బడ్జెట్ 15 వేలు. పాత ఐ7-4790 ఒకటి 3,900కి, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఇంకో స్టిక్ 700కి దొరికాయి. పెట్టగానే పనిచేశాయి. ఎస్‌ఎస్‌డీ ముందే ఉంది. మిగతా డబ్బంతా కార్డుకే.

కార్డు విషయంలో మాత్రం వారం రోజులు ఆలోచించాను. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తీసుకోమని ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు. కొత్తది, వారంటీ ఉంటుంది, నిజమే. కానీ ఆ కార్డుకి పీసీఐఈ లేన్లు, అంటే కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా పోయే దారులు, నాలుగే. హెచ్81 బోర్డేమో పీసీఐఈ 2.0 అనే పాత తరం దగ్గరే ఉండిపోయింది. లేన్‌కి సెకనుకి 500 ఎంబీ చొప్పున నాలుగింటికి కలిపి 2 జీబీ. 4 జీబీ మెమరీ నిండిన క్షణం నుంచి ఆ ఇరుకు దారిలోనే ర్యామ్‌కి పోయి రావాలి. నేను చూసిన రెండో కార్డు జీటీఎక్స్ 1660 సూపర్‌కి పదహారు లేన్లు ఉన్నాయి కాబట్టి ఇదే బోర్డులో 8 జీబీ దారి దొరుకుతుంది, కార్డు మీద మెమరీ కూడా 6 జీబీ. పాత బోర్డుకి కార్డు కొనేవాళ్లు ముందు లేన్లు లెక్కపెట్టుకోవాలి. బెంచ్‌మార్క్ వీడియోల్లో ఎక్కువ భాగం కొత్త బోర్డుల మీద తీసినవే, మన హెచ్81కి ఆ అంకెలు రావు.

2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ ఆగిపోయింది. అంతకుముందు మైనింగ్ చేసేవాళ్లకి బాగా ఇష్టమైన కార్డుల్లో 1660 సూపర్ ఒకటి. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో కొనాలంటే కొంచెం భయమే. భీమవరంలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం కుర్రాడి దగ్గర, వాళ్ల రూములోనే అరగంట నడిపించి చూసి, 8,500కి తీసుకున్నాను.

ఇంక అసలు సంగతి.

కార్డు పెట్టిన మొదటి రోజు రాత్రి 7:48కి స్క్రీన్ నల్లబడింది. క్యాబినెట్‌లో టక్ మని శబ్దం, రెండు సెకన్లకి మళ్లీ బోర్డు లోగో. తర్వాత 8:15కి, 9:02కి. రెండో రోజు 7:36కి, 8:40కి. బ్లూ స్క్రీన్ లేదు, హ్యాంగ్ లేదు, గేమ్ తడబడడం కూడా లేదు. విండోస్ రాసుకునే రికార్డు, ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41, బగ్‌చెక్ కోడ్ 0. అంటే విండోస్‌కి తప్పు రాసుకునే సమయం కూడా దొరకలేదు, కరెంటు తీసేసినట్టే ఆగింది. పగలు మాత్రం ఎంత ఆడినా రాదు. మూడో రోజు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా కార్డుని అలసగొట్టే ఫర్‌మార్క్, ప్రాసెసర్‌ని అలసగొట్టే ప్రైమ్95 రెండూ కలిపి నడిపాను. కార్డు 74 డిగ్రీలు, ప్రాసెసర్ 81. ఒక్కసారీ ఆగలేదు. అదే రాత్రి ఫర్‌మార్క్ ఒక్కటే పెడితే ఏడో నిమిషంలో పోయింది.

మొదట ర్యామ్ మీద అనుమానం. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, క్యాబినెట్ స్క్రూలకి రెండేళ్లలో తుప్పు వస్తుంది. స్టిక్ కాంటాక్టులు రబ్బరుతో రుద్ది, ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు వేశాను. తప్పులు సున్నా. తర్వాత డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, రెండు పాత వెర్షన్లు కూడా చూశాను. తేడా లేదు. ఆ తర్వాత అడాప్టర్: నా పాత పవర్ సప్లైకి కార్డుకి కరెంటు ఇచ్చే 8 పిన్ తీగ లేదు, రెండు మోలెక్స్‌ల (పాత రకం నాలుగు పిన్‌ల కనెక్టర్లు) నుంచి ఒక 8 పిన్ చేసే తీగ వాడుతున్నాను. అది నాకు నచ్చని పద్ధతే. తీగ పట్టుకుంటే వేడి లేదు, అయినా రెండు మోలెక్స్‌లనీ వేర్వేరు లైన్లలోకి మార్చాను. ఆ రాత్రి 8:05కి మళ్లీ రీస్టార్ట్.

ఐదో రోజు కార్డు తీసుకుని భీమవరంలో మా ఫ్రెండ్ ఇంటికి వెళ్లాను. వాడి పీసీలో సాయంత్రం 6 నుంచి 9 దాకా మూడు గంటలు ఆడాం. ఏమీ కాలేదు. కార్డు మంచిదే. మరి నా ఇంట్లో ఎందుకు పోతోంది?

ఆరో రోజు మల్టీమీటర్ తీశాను. మోలెక్స్ పసుపు తీగ మీద ఖాళీగా ఉన్నప్పుడు 12.11 వోల్టులు, గేమ్‌లో 11.78. రాత్రి గేమ్‌లో 11.71. పవర్ సప్లైల ప్రమాణం ఏటీఎక్స్ ప్రకారం 11.40 దాకా పర్వాలేదు. ఈ అంకెలు చూసి పవర్ సప్లై బాగుందని తీర్మానించుకోవడం వల్ల నాకు ఇంకో మూడు రోజులు పోయాయి. మల్టీమీటర్ చూపించేది సగటు. కొన్ని మిల్లీసెకన్ల పాటు లోతుగా పడి లేచేది దానికి కనబడదు.

చిన్న ఆధారం ఒకటి ఎనిమిదో రోజు దొరికింది. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి, గేమ్‌ని సెకనుకి 60 ఫ్రేములకి కట్టేస్తే రీస్టార్ట్ 52వ నిమిషం దాకా రాలేదు. అంతకుముందు రాత్రిళ్లు ఆట మొదలుపెట్టాక ఎప్పుడూ 20 నిమిషాలు దాటలేదు.

తొమ్మిదో రోజు ఆదివారం. పొద్దుటి నుంచి మబ్బు, ఉక్కపోత. మధ్యాహ్నం 3:10కి, పట్టపగలు, పీసీ రీస్టార్ట్ అయింది. కారణం ఏదైనా సరే రాత్రికే సంబంధం అనుకుంటున్నవాణ్ణి కదా, లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. మా ఇంటి వెనక రొయ్యల చెరువులో ఏరియేటర్లు, నీళ్లలో గాలి కలిపే మోటార్లు, తిరుగుతున్నాయి. అవతల గట్టు వైపు చెరువుల్లోనూ తిరుగుతున్నాయి. గట్టు మీద రాజుగారు నిలబడి ఉన్నారు.

“రాజుగారూ, పగలే వేసేశారేంటండీ ఏరియేటర్లు?”

“మబ్బు చూశావా బాబూ? ఆక్సిజన్ పడిపోద్ది. రొయ్య పైకి తేలిపోయాక చేసేదేం ఉంటది?”

ఎండ ఉంటే నీళ్లలో ఉండే సన్న నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడితే అది ఆగిపోతుంది, మబ్బు కమ్మితే బాగా తగ్గిపోతుంది, అప్పుడు మోటార్లే దిక్కు. ఆకివీడు, ఉండి చుట్టుపక్కల వరి చేలు చెరువులయ్యాక ఈ మోటార్ల శబ్దం వింటూ నిద్రపోవడం మాకు అలవాటే. అలవాటు కాబట్టే నాకు తట్టలేదు. చెరువుల ట్రాన్స్‌ఫార్మర్ వేరే అయినా వెనక లైన్ ఒకటేనని లైన్‌మన్ చెప్పారు.

మర్నాడే ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్ 900 పెట్టి కొన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను కొన్న మంచి వస్తువు ఇదే, మొదటి రోజే కొనాల్సింది. ఒక రోజంతా రాసిన అంకెలు: మధ్యాహ్నం 2కి 231 వోల్టులు. సాయంత్రం 6కి 214. 7:15కి 188. 7:40కి 172. 8:30కి 166. రాత్రి 11 దాటాక ఊళ్లో టీవీలు, ఏసీలు తగ్గి 178. పొద్దున 8కి 226. రాత్రి 166 ఉన్న సమయంలో మా ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైతే ఒక క్షణం 151. ఆ క్షణానికి గేమ్‌లో భారీ సీన్ పడిందంటే రీస్టార్ట్. అలా కళ్ల ముందే రెండుసార్లు జరిగింది.

పాత పవర్ సప్లై లేబుల్ అప్పుడు చదివాను: ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులు. గోడ వోల్టేజీ పడినా లోపల నిలబెట్టే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ లేదు. ఇలాంటి సప్లైలో కరెంటుని క్షణకాలం నిల్వ ఉంచే లోపలి పెద్ద కెపాసిటర్ గోడ వోల్టేజీ ఎంత ఉంటే అంతకి తగ్గట్టే నిండుతుంది. 230 ఉంటే సుమారు 325 దాకా, 166 ఉంటే 235 దాకా. కెపాసిటర్‌లో దాగే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పగటితో పోలిస్తే సగం చిల్లరే మిగులుతుంది. ఇంకోవైపు వాడకం పెరిగింది: 750 టీఐతో గోడ దగ్గర 128 వాట్లు లాగేది, ఇప్పుడు 232. పాత కార్డుతో పగలు ఎంతసేపు ఆగగలదో, కొత్త కార్డుతో రాత్రి అందులో మూడో వంతు కూడా ఆగలేదు. పైగా ఆ కెపాసిటర్ వయసు పదేళ్ల పైనే. ఇన్నాళ్లూ ఈ జబ్బు బయటపడకపోవడానికి 750 టీఐ తక్కువ తినడమే కారణమని నా నమ్మకం.

డబ్బు పెట్టకుండా సరిచేద్దామని రెండు చూశాను. అటకమీదున్న ఫ్రిజ్ స్టెబిలైజర్: 165ని 205 చేస్తుంది, కానీ మెట్టు మార్చిన ప్రతిసారీ లోపలి స్విచ్, రిలే, టక్ మంటుంది, ఆ టక్‌తోనే మూడుసార్లు పీసీ పోయింది. కంప్యూటర్‌కి రిలే స్టెబిలైజర్ పెట్టమని చెప్పేవాళ్ల మాట వినొద్దు. రెండోది ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లోకి మార్చడం. 180 కిందకి రాగానే బ్యాటరీ మీదకి వెళ్తుంది. వోల్టేజీ 180 దగ్గరే ఊగుతుంటే అటూ ఇటూ మారుతూ రెండుసార్లు రీస్టార్ట్ చేసింది. 9:45కి బ్యాటరీ అయిపోయి ఇంట్లో ఫ్యాన్లు కూడా ఆగాయి. ఉక్కలో అమ్మ నిద్ర పాడైంది. అది మళ్లీ చేయను.

చివరికి 550 వాట్ల, బ్రాంజ్ సామర్థ్య రేటింగ్ ఉన్న సప్లై, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నది, లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని చూసి మరీ 4,200కి తెప్పించాను. ఇందులో లోపలి కెపాసిటర్‌ని గోడ వోల్టేజీ ఎంతున్నా 380 దగ్గరకి ఎత్తి ఉంచే సర్క్యూట్ ఉంటుంది. పదమూడో రోజు పెట్టాను. ఆరు సాయంత్రాలు, 15 గంటల ఆట, రీస్టార్ట్‌లు సున్నా. అడాప్టర్ తీగ కూడా పోయింది.

మొత్తం ఖర్చు 17,300, మీటర్ కాకుండా. మళ్లీ మొదలుపెడితే సప్లై ముందు కొంటాను, కార్డు మిగిలిన డబ్బుకి ఎంత వస్తే అంత. మన వైపు, ముఖ్యంగా చెరువుల మధ్య ఇళ్లున్నవాళ్లు, వాట్లు చూసే ముందు లేబుల్ మీద ఇన్‌పుట్ వోల్టేజీ చూడండి. ఒకే కంపెనీలో కూడా చవక మోడల్‌కి 200 నుంచి, కొంచెం ఖరీదైన దానికి 100 నుంచి రాసి ఉంటుంది. నేను చూసినప్పుడు ధరలో వ్యత్యాసం వెయ్యి రూపాయల లోపే.

మిగిలిన చిక్కు ఒకటుంది. కరెంటు పూర్తిగా పోతే ఇన్వర్టర్ అందుకునేలోపు పీసీ ఆగిపోతోంది. దీనికి వోల్టేజీని తనే కొంత సర్దే రకం, లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్, 600 వీఏ, 360 వాట్లది చూస్తున్నాను. 232 వాట్లకి అది సరిపోతుంది, ఫైల్ సేవ్ చేసుకునేంత సమయం చాలు.

ఆ తర్వాతది ప్లాట్‌ఫామ్, అంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, నాలుగో తరం ఐ7ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. రైజెన్ 5 5600, బీ550 బోర్డు మనసులో ఉన్నాయి. సప్లై, కార్డు, ఎస్‌ఎస్‌డీ అలాగే పనికొస్తాయి. డీడీఆర్4 ధర పెరిగిపోవడంతో ఆగాను, పాత 16 జీబీ కిట్ ఎవరైనా అమ్ముతారేమోనని చూస్తున్నాను. ఈలోగా శనివారం ఫ్రిజ్‌ని వేరే పాయింట్‌కి మార్చి, ఏరియేటర్లు మొదలయ్యే 6:30 నుంచి 9 దాకా అయిదు నిమిషాలకోసారి మీటర్ అంకెలు రాస్తాను. 151 దాకా పడడం ఊరి లైన్ వల్లా, మా ఇంటి పాత వైరింగ్ వల్లా అన్నది తేల్చుకోవాలి.