పటం చూపిస్తే సినిమా అన్నారు

శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతికి నదుల పాఠాన్ని ఈ వారం గూగుల్ ఎర్త్ ప్రోతో, అంటే భూమిని ఉపగ్రహ చిత్రాల్లో చూపే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో చెప్పాను. అది 2015 నుంచి ఉచితం. దించుకోవడం, నేర్చుకోవడం పెద్ద పనేమీ కాదు.

తలనొప్పంతా తరగతిలోని డిజిటల్ బోర్డుతోనే. దానిలో కొత్త ప్రోగ్రామ్ పెట్టాలంటే పాస్‌వర్డ్ కావాలి, అదేమో కార్యాలయంలో ఉంటుంది. వెళితే గుమాస్తా అర్జీ రాయమన్నాడు. రాసి, మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చున్నాను. లోపలికి పిలిచిన అధికారి ఎదురుగా ఖాళీ కుర్చీ ఉన్నా నన్ను నిలబెట్టే అడిగారు: "పుస్తకంలో పటం లేదా మాస్టారూ? పిల్లలకు సినిమా చూపించి పీరియడ్ గడిపేద్దామనా?" పక్కనున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. దేశమంతా ఒక్క పేజీలో ఇమిడ్చిన పటంలో మన వంశధార నదిని ఎక్కడ చూపించమంటారని అడిగాను. ఆయన ఫోను తీసుకున్నారు. నా విద్యార్థుల వయసున్న అటెండరు ముందు తల దించుకుని బయటికి వచ్చాను. ఆ మంట ఇంకా తగ్గలేదు.

ఇక అనుమతుల జోలికి పోలేదు. సొంత ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో బోర్డుకు కలిపాను, దానికి ఏ పాస్‌వర్డూ అక్కరలేదు. బడిలో నెట్ నత్తనడక కాబట్టి కావలసిన చోట్లన్నీ ముందురోజు ఇంట్లోనే దగ్గరగా తిప్పి చూడండి. చూసినవి కంప్యూటర్‌లో నిలిచి ఉంటాయి. పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను మాత్రం విడిగా బొమ్మలుగా దాచుకోండి. ఇస్రో వారి పటాల వెబ్‌సైట్ భువన్ కూడా మంచిదే, కానీ నెట్ లేనిదే కదలదు.

ఒడిశా కొండల నుంచి గొట్టా బ్యారేజీ మీదుగా కళింగపట్నం దాకా వంశధార వెంబడి గీత గీసి, ఎత్తుల రేఖాచిత్రం తెరిచాను. పైన గబగబా దిగిన గీత హిరమండలం దాటాక దాదాపు చదునైపోయింది. "నీళ్లకు జోరు తగ్గే కదా సార్, మన దగ్గర ఇసుక దిగిపోతుంది!" అంది ఒక అమ్మాయి. నేనింకా నిక్షేపణ అన్న మాటే ఎత్తలేదు. తర్వాత సముద్రపు ఒడ్డున ఇసుక తిన్నె ఏడాదికోలా మారిన చిత్రాలు చూపిస్తుంటే, వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడు లేచి, నది సముద్రంలో కలిసే మొగ ఇప్పుడు అక్కడ లేదని తెరమీద వేలుపెట్టి మరీ చూపించాడు. సినిమా అన్న ఆ పెద్దమనిషి అప్పుడు అక్కడ ఉండాల్సింది.

కొండల ఎత్తును మూడు రెట్ల దాకా పెంచి చూపే సదుపాయం ఉంది, దాన్ని ఒకటి దగ్గరే ఉంచండి. లేకపోతే 1501 మీటర్ల మహేంద్రగిరి హిమాలయమైపోతుంది. కార్యాలయానికి వెళ్లక తప్పకపోతే అర్జీకి రసీదు అడగండి. నాకు అదీ ఇవ్వలేదు.