హక్కు ఉన్నవాడికి చెప్పిన మాట: ఎపియేకేయ

"మీ సహనమును సకల జనులకు తెలియబడనియ్యుడి. ప్రభువు సమీపముగా ఉన్నాడు" (ఫిలిప్పీయులకు 4:5). ఆరాధనల్లో ఈ వచనం చదివినప్పుడు మనలో చాలామందికి స్ఫురించేది కష్టాన్ని నోరు మెదపకుండా భరించే మనిషి. అయితే పౌలు ఇక్కడ వాడిన గ్రీకు మాట ఓర్పుకు సాధారణంగా వాడే హుపొమొనే గానీ, దీర్ఘశాంతానికి వాడే మక్రోతుమియ గానీ కాదు. అది ఎపియేకేస్ అనే విశేషణం. దాని నామరూపం ఎపియేకేయ. 2 కొరింథీయులకు 10:1లో క్రీస్తు గుణంగా చెప్పినప్పుడు ఇదే మాటను మన అనువాదకులు "మృదుత్వము" అన్నారు, 1 తిమోతికి 3:3లో సంఘ అధ్యక్షుడి గురించి "సాత్వికుడు" అన్నారు. దీనికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట తెలుగులో లేదు కాబట్టి వారిని తప్పుపట్టలేం.

ఈ మాట పౌలు కంటే ఎంతో ముందునుంచే న్యాయచర్చల్లో నలిగినది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం ఐదవ భాగంలో దీన్ని వివరంగా చర్చించాడు. చట్టం అందరినీ ఉద్దేశించి సామాన్యంగా మాట్లాడుతుంది గనుక, శాసనకర్త ఊహించని సందర్భం ఎదురైనప్పుడు అది లోపిస్తుందనీ, ఆ లోపాన్ని సరిదిద్దే న్యాయమే ఎపియేకేయ అనీ ఆయన అభిప్రాయం. లెస్బోస్ దీవి పద్ధతిలో కట్టేవారు వాడే సీసపు కొలబద్దను అక్కడ ఉదాహరణగా చూపాడు: అది రాయి ఆకారాన్ని బట్టి వంగుతుంది. వంగినా అది కొలబద్దే, కొలవడం మానదు. కనికరం పేరుతో న్యాయాన్నే పక్కన పెట్టేవారు ఈ సంగతి గమనించాలి. ఇంకో మాట కూడా ఆయన అన్నాడు: ఎపియేకేస్ అయిన మనిషి, చట్టం తన పక్షాన ఉన్నా, తనకు రావలసిన దానికంటే తక్కువతో సరిపెట్టుకుంటాడు.

ఈ వెలుగులో లేఖనాలను చూస్తే, ఈ గుణం ఎక్కువగా పైచేయి ఉన్నవారికే చెప్పబడినట్టు కనిపిస్తుంది. కీర్తన 86:5లో "క్షమించుటకు సిద్ధమైన మనస్సుగలవాడవు" అని దేవునితో అన్నచోట పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం వాడినది ఈ మాటనే. సంఘంపై అధికారం గల అధ్యక్షుడికి ఇది ఉండాలి. 1 పేతురు 2:18లో ఇది దాసుల గుణం కాదు, వారి యజమానులలో మంచివారి గుణం. అపొస్తలుల కార్యములు 24:4లో న్యాయవాది తెర్తుల్లు అధిపతియైన ఫేలిక్సును "శాంతముగా" వినమని వేడుకున్నప్పుడు కూడా ఇదే మాట. అది ముఖస్తుతి అని వేరే చెప్పనక్కరలేదు. ఆ ఫేలిక్సే లంచం ఆశించి, నేరం రుజువు కాని పౌలును రెండు సంవత్సరాలు బంధకాల్లో ఉంచాడు.

దీనికి ఎదురు సాక్ష్యం లేకపోలేదు. కతోలిక బైబిలులోని సొలోమోను జ్ఞానగ్రంథం 2:19లో, దుష్టులు నీతిమంతుణ్ణి అవమానించి, హింసించి అతని ఎపియేకేయను పరీక్షిద్దామనుకుంటారు. అక్కడ ఆ మాట బాధపడేవాడి గుణమే. కాబట్టి ఫిలిప్పీ పత్రికలో "సహనము" అన్న అనువాదానికీ ఆధారం ఉంది. అయినా లేఖనాల్లో ఈ మాట ఎక్కువగా తిరిగేది పైచేయి ఉన్నవారి చుట్టూనే అని నా అభిప్రాయం.

ఈ తేడా ఆచరణలో చాలా దూరం వెళ్తుంది. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీకి, కూలి ఎగవేయబడిన మనిషికి ఈ వచనం చదివి సర్దుకుపొమ్మని చెప్పడం, నా దృష్టిలో, వాక్యాన్ని తలకిందులుగా పట్టుకోవడమే. ఈ మాట మొదట తగలవలసింది కొట్టే చేతికి, కూలి బాకీపడిన చేతికి. పత్రాలన్నీ తన పక్షాన ఉన్నా గట్టు తగాదాలో తోబుట్టువును చివరి అంగుళం వరకూ కోర్టుకీడ్చే చేతికి.

పౌలు జీవితంలో దీని రెండు వైపులూ కనిపిస్తాయి. ఫిలిప్పీ రోమీయుల ప్రవాసస్థానం, పౌరహక్కు విలువ బాగా తెలిసిన పట్టణం. అక్కడే విచారణ లేకుండా తనను కొట్టించి చెరలో వేసిన న్యాయాధిపతులు మరునాడు రహస్యంగా పంపివేయబోతే, రోమా పౌరుడైన పౌలు ఒప్పుకోక, "వారే వచ్చి" తమను వెలుపలికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. అధికారం చేసిన అన్యాయాన్ని అధికారం ఒప్పుకోవాలని అడగడం ఎపియేకేయకు విరోధం కాదు. మరోవైపు, సువార్త వలన జీవించే హక్కు తనకుందని 1 కొరింథీయులకు 9వ అధ్యాయంలో వాదించి నిరూపించి, దాన్ని తాను వినియోగించుకోలేదని చెప్పాడు. ముందు హక్కును స్థాపించి ఆ తరువాత వదులుకున్నాడు. లేని హక్కును వదులుకోవడం ఎవరికీ సాధ్యం కాదు కదా. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం క్రీస్తును గురించి చెప్పేదీ ఇదే: దేవునితో సమానంగా ఉండటాన్ని "విడిచిపెట్టకూడని భాగ్యమని యెంచుకొనలేదు".

ఈ మాట కనబడకపోయినా ఈ గుణం కనబడే చోటు మత్తయి సువార్త 1:19. మరియ గర్భవతి అని తెలిసినప్పుడు ధర్మశాస్త్రం యోసేపు పక్షాన ఉంది, ఊరు కూడా అతని పక్షాన నిలిచేదే. దేవదూత ఇంకా కలలో కనబడలేదు గనుక, తనకు అన్యాయం జరిగిందనే అతను నమ్ముతున్నాడు. అయినా "ఆమెను అవమానపరచనొల్లక రహస్యముగా" విడనాడాలనుకున్నాడు. సువార్తికుడు అతణ్ణి నీతిమంతుడు అన్నది ఈ సందర్భంలోనే. ధర్మశాస్త్రాన్ని అతను కొట్టివేయలేదు; అది తన చేతికిచ్చిన ఆయుధాన్ని మాత్రం పూర్తి బలంతో విసరలేదు.

ఫిలిప్పీ పత్రికలో ఈ ఆజ్ఞకు మూడు వచనాల ముందు యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల పేర్లున్నాయి. వారి మధ్య తగవు ఏమిటో, న్యాయం ఎవరి పక్షాన ఉందో పౌలు రాయలేదు. గ్రీకు మూలంలో "బతిమాలుకొనుచున్నాను" అన్న క్రియను ఒక్కసారి ఇద్దరికీ కలిపి వాడక, ఒక్కొక్కరి పేరుకు ముందు విడివిడిగా వాడాడు. తరువాత "నిజమైన సహకారి" అని తాను పిలిచిన ఒకరిని, సువార్త పనిలో తనతో ప్రయాసపడిన ఆ ఇద్దరికీ సహాయం చేయమని కోరాడు.