రెండు ఇడ్లీలకు అరగంట

కువైట్‌లో నేను పనిచేసే క్యాటరింగ్ కిచెన్‌లో భోజనానికి ఇచ్చే టైమ్ అరగంట. ఏప్రాన్ విప్పి, చేతులు కడుక్కుని, ప్లేటు పట్టుకుని కూర్చునేసరికి అందులో పది నిమిషాలు పోతాయి. మిగిలిన ఇరవై నిమిషాల్లో ఒకప్పుడు నేను రెండు ప్లేట్ల బిర్యానీ, ఒక ఖుబ్బూస్ రొట్టె, పైన ఓ పెప్సీ కానిచ్చి ఇంటికి ఫోన్ కూడా చేసేవాణ్ణి. ఇప్పుడు అదే ఇరవై నిమిషాల్లో ఒకటిన్నర ఇడ్లీ అవుతుంది. నాలాగా బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టర్లు చెప్పే లెక్కలో అది సరైన వేగమే. చాలనిది మా బ్రేకే.

ఈ దేశంలో ఈ ఆపరేషన్ కొత్తేమీ కాదు. పెద్దవాళ్లలో పది మందికి నలుగురికి పైగా ఊబకాయం ఉన్న దేశం. మా కువైటీ మేనేజరు చేయించుకున్నాడు, ఆయన తమ్ముడూ చేయించుకున్నాడు. నా మోకాళ్లు, గురక, షుగరు చూసి నా చెవిలో వేసింది కూడా ఆయనే. "ఖలాస్, రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తావు" అన్నాడు. ఆ మాట నిజమే. కాకపోతే ఆయన మధ్యాహ్నం గంటసేపు కూర్చుని తింటాడు, కావాలంటే ఇంకో గంట కునుకు తీస్తాడు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు, ఆయనకు ఇప్పటికీ తట్టదు.

స్లీవ్ అంటే పొట్ట మీద కొవ్వు కోసి తీసేస్తారని మా ఊళ్లో అనుకుంటారు. కొవ్వు జోలికి పోరు. నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, లోపల జీర్ణాశయంలో ముప్పాతిక పైగా తీసేస్తారు. మిగిలింది సన్నటి అరటికాయలాగా ఉంటుంది. మొదట్లో అందులో పట్టేది ఒక టీ గ్లాసుడు, 100 నుంచి 150 మిల్లీలీటర్లు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి కొన్ని నెలలు ఆకలన్నదే తెలియదు. ఎవరికి చేయొచ్చు అనేదానికి 1991 నుంచి ఒక లెక్క ఉండేది: బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 40 దాటాలి, షుగరు, బీపీ లాంటివి ఉంటే 35 చాలు. 2022లో దాన్ని తగ్గించారు, మన ఆసియా వాళ్లకైతే 27.5 దాటినా ఆలోచించవచ్చన్నారు. నా బరువు 124 కిలోలు, బీఎంఐ 42. పాత లెక్కలోనూ పాసే, కొత్త లెక్కలోనూ పాసే.

మాకు రెండేళ్లకోసారి రెండు నెలల లీవు. ఆపరేషన్ ఆ లీవులో పెట్టుకున్నాను, చెన్నైలో. మా కావలి వాళ్లకు పెద్దాసుపత్రి అంటే నెల్లూరు, కాకపోతే చెన్నై. పినాకిని రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. కాలేయం కాస్త చిక్కాలని ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ప్రొటీన్ పౌడరు కలిపిన ద్రవాలు, కాసిని కూరగాయలే పెట్టారు. ఆ రెండు వారాలూ నేనింకా కువైట్‌లో డ్యూటీలోనే ఉన్నాను. ఒక చేత్తో నాలుగొందల మందికి బిర్యానీ దమ్ వేస్తూ, ఇంకో చేత్తో వెనిలా షేకు తాగడం ఎట్టా ఉంటుందో వంటవాళ్లకే తెలుస్తుంది.

ఆపరేషన్ అయ్యాక ఇంట్లో గడిచిన వారాలు నిజానికి సులువు. మొదట నీళ్లలాంటివి, తర్వాత చిక్కటి ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ పైన మెత్తటి ఆహారం. ఇంచుమించు రెండు నెలలకు మామూలు తిండి. పప్పుకట్టు, వడగట్టిన రాగిజావ, పల్చటి మజ్జిగ. ఇవన్నీ మా అమ్మకు చేతనైనవే. ఆమె బాధల్లా కొలతతో. "అంత దేహానికి ఆ గుక్కెడు ఏం సరిపోద్దిరా? డాక్టరు మగోడా ఆడమనిషా?" అనడిగింది ఒకరోజు. మగాయనే అన్నాను. "అదీ సంగతి, వండి పెట్టినోళ్లైతే అట్టా చెప్పరు" అంది. కానీ మెత్తటి అన్నం మొదలుపెట్టాక కాపలా కాసింది కూడా ఆమే. వాకిట్లో పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, నా దవడ వంక చూస్తూ, "నమిలినావా? ఇంకా నములు" అనేది. ముద్ద ముద్దకూ పాతిక ముప్పైసార్లు నమలాలి, ముద్దకూ ముద్దకూ మధ్య ఆగాలి. మా ఇంట్లో గడియారం ఉంది గానీ ఎవరూ దాని వంక చూడరు. ఆ సుఖం అక్కడే వదిలి వచ్చాను.

మా ఆవిడ ఉదయగిరి కొయ్య స్పూన్లు తెచ్చి ఇచ్చింది, పిల్లలకు తినిపించే సైజువి. స్టీలు స్పూనులో పట్టేదాంట్లో సగం కూడా పట్టదు. దానితో తింటే తొందరపడదామన్నా కుదరదు. ఒకటి నా కిచెన్ కోటు జేబులో ఎప్పుడూ ఉంటుంది. పక్కన పనిచేసే ఈజిప్టాయన అది చెవిలో పెట్టుకునేదనుకున్నాడు చాలా రోజులు.

తిరిగొచ్చిన మొదటి నెలలోనే జరిగింది. కూర్చోవడానికి టైమ్ లేక, నిలబడే నాలుగు ముక్కలు గ్రిల్డ్ చికెన్ నోట్లో వేసుకున్నాను. బ్రెస్ట్ ముక్క, ఎండిపోయి ఉంది. మూడో ముక్క దిగి, ఛాతీ మధ్యలో ఆగింది. నొప్పి కాదు, పిడికిలితో లోపల్నుంచి అదుముతున్నట్టు. తర్వాత నోట్లో నీళ్లూరడం మొదలైంది. చిక్కగా, జిగటగా, నురగ నురగగా, ఆగదు. మింగలేం, ఊపిరి ఆడుతుంది గానీ మాట రాదు. కోల్డ్ స్టోర్ వెనక సింకు దగ్గర వంగి ఆ నురగంతా ఉమ్మి, చివరికి ఆ ముక్క పైకి వచ్చేదాకా నిలబడ్డాను. బయట సూపర్‌వైజరు నా పేరు పిలుస్తున్నాడు. అప్పటి నుంచి నాకు ఒక గుర్తు దొరికింది: కడుపు నిండిందని నాకు కడుపు చెప్పదు, ముక్కు చెబుతుంది. ఉన్నట్టుండి ముక్కు కారడమో, ఒక్క ఎక్కిలి రావడమో జరిగితే ఇంక ఒక్క ముద్ద కూడా వద్దని అర్థం. ఇది చాలామందికి ఇట్టాగే ఉంటుందని తర్వాత తెలిసింది.

బిర్యానీ తినలేకపోతున్నందుకు బాధపడతావా అని అడుగుతారు. వండేవాడికి బిర్యానీ మీద అంత మోజు ఉండదు. నాకు బాధ నీళ్ల గురించి. చెంబెత్తి గటగటా తాగడం అనేది పోయింది. ఎండలో నుంచి వచ్చి సగం సీసా ఒక్క దమ్మున తాగేవాణ్ణి, ఇప్పుడు గుక్కెడు పోసుకుని ఆగాలి, మళ్లీ గుక్కెడు. భోజనంతో నీళ్లు కుదరవు, తిన్న అరగంట దాకా తాగకూడదు. అయినా రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి పోవాలి, లేకపోతే తలతిరగడం, మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు. ఇది 2016 జూలైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైన దేశం. ఏసీ ఆగిపోయిన రోజు మా కిచెన్‌లో స్టవ్వుల ముందు ఎంత ఉంటుందో ఎవరూ కొలవలేదు. నేను నీళ్లను డ్యూటీలాగా పెట్టుకున్నాను: ప్రతి డేగిసా దించినప్పుడు రెండు గుక్కలు.

రంజాన్‌లో ఇంకో చిక్కు. పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం ఇక్కడ నేరం. 1968 నాటి చట్టం ఉంది, 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. మతంతో సంబంధం లేదు, అందరికీ వర్తిస్తుంది. మామూలు మనిషి కంపెనీ బస్సులో గంట ప్రయాణం నోరు మూసుకుని కూర్చుంటాడు, దిగాక ఒక్కసారే తాగేస్తాడు. నేను దిగాక కూడా గుక్కెడే తాగగలను. పోయిన గంట పోయినట్టే. అందుకని తెల్లవారుజామున లేచి, బస్సు వచ్చేలోగా గంటసేపు గుక్క గుక్క లెక్కన తాగుతాను. రూమ్‌లో వాళ్లు నేను కూడా ఉపవాసం ఉంటున్నాననుకున్నారు.

ఇంక ఉద్యోగం. వంటవాడు రుచి చూడకుండా ఎట్టా? చెన్నైలో డైటీషియన్ నా పని ఏంటో విని కాసేపు పెన్ను పక్కన పెట్టేసింది. "మీకు భోజనంతో ప్రమాదం లేదండీ, రుచులతోనే" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కిచెన్‌లో లావయ్యేది ప్లేట్లో పెట్టుకున్నదానితో కాదు. వేగిన పకోడీ విరిగితే నోట్లోకి, కట్‌లెట్ అంచు నోట్లోకి, షిఫ్టు అయ్యేసరికి ఒక పూట తిండి. చిన్న కడుపుతో అది ఇంకా మోసం: కొంచెం కొంచెంగా రోజంతా నములుతుంటే ఎక్కడా నిండదు, బరువు మళ్లీ ఎక్కుతుంది. ఇప్పుడు బిర్యానీకి నేను ఎసరు మాత్రమే చూస్తాను. బియ్యం వేయకముందు ఎసరు నాలుకకు ఒక పిసరు ఉప్పెక్కువ అనిపించాలి, అప్పుడే అన్నంలో సరిపోతుంది. ఒక చుక్క చాలు. ఉడికిన మెతుకు చూసే పని నా అసిస్టెంటుది. ఆ కుర్రాడు ఈ ఏడాదిలో బాగా ఒళ్లు చేశాడు, అది వేరే విషయం.

ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు రావాలి. పప్పూ అన్నంతో రాదు. ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. మూడు పూటలా అన్నం తినే నెల్లూరు జిల్లా వాడికి అన్నం చివర రావడం ఒక అవమానంలాగే ఉంటుంది. ఇక్కడ నన్ను కాపాడింది అరబ్బుల తిండి. అదస్ షోర్బా అంటే ఎర్రపప్పు చారు, లబన్ అంటే మజ్జిగ, ఫూల్ అనే ఉడికించిన చిక్కుడు జాతి గింజలు, లబ్నే అంటే నీళ్లు వడగట్టిన గట్టి పెరుగు. అన్నీ మెత్తగా దిగేవే. కష్టం ఎక్కడంటే, తీపి కూడా మెత్తగానే దిగుతుంది. కరక్ చాయ్, ఐస్‌క్రీమ్, మన మలై కాజా ఎక్కడా అడ్డుపడవు. తీపి ఎక్కువైతే కాసేపటికి చెమటలు, గుండె దడ వస్తాయి. కడుపుకే చేసే ఇంకో ఆపరేషన్, గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లకు ఇది ఎక్కువ, స్లీవ్ వాళ్లలోనూ కొందరికి ఉంటుంది. నాకుంది. అదే మన అదృష్టం అంటుంది మా ఆవిడ.

తర్వాతి లీవుకు 86 కిలోలతో దిగాను. సంతోషిస్తారనుకుంటాం. కావలి స్టేషన్‌లో మా చిన్నాయన నన్ను దాటుకుని ముందుకు వెళ్లిపోయాడు. ఊళ్లో మొదటి ప్రశ్న "ఏందిరా అబ్బాయ్, షుగరా?" రెండోది గొంతు తగ్గించి, "ఇంకేమన్నానా?" పెళ్లి పంక్తిలో ఇంకా తంటా. విస్తట్లో ఏదీ ముట్టనట్టే ఉంటుంది, వడ్డించేవాళ్లు ఊరుకోరు. పెద్దత్త స్వయంగా వచ్చి చేపల పులుసు గరిటెడు పోసింది. "కువైట్ పోయినాక మా చేతి కూర దిగడం లేదా నీకు?" అంది. ఆపరేషన్ సంగతి పంక్తిలో అరిచి చెప్పలేం కదా. పులుసు పక్కకు తోసి కొరమీను ముక్క ముల్లు తీసుకుని తిన్నాను. నిజం చెప్పాలంటే అది నాకు బ్రహ్మాండంగా సరిపడే తిండి: మెత్తటి కండ, నూరు గ్రాములకు ఇరవై గ్రాముల దాకా ప్రొటీన్. చింతపండు, కారంతోనే తంటా. పులుపు పడితే రాత్రి గొంతులోకి మంట తంతుంది, స్లీవ్ వాళ్లకు ఎసిడిటీ మామూలే. ఆ పంక్తిలో నా విస్తరి ముగిసేసరికి మూడో పంక్తి వాళ్లు వెనక నిలబడి ఉన్నారు.

ఆపరేషన్ అయిన ఏడాది మా ఆవిడ నెల్లూరు రొట్టెల పండక్కి పోయి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. అంతకు చాలా ముందు నేను విదేశీ రొట్టె పట్టుకుంటేనే వీసా వచ్చిందని ఆమె నమ్మకం. మొక్కు తీరితే మళ్లీ వచ్చి, అదే మొక్కున్నవాళ్ల చేతికి రొట్టె వదలాలి. నేను వెళ్లి వదిలాను. ఎదురుగా చేయి చాపినావిడ నన్ను ఎగాదిగా చూసి, ఇతనిదా ఆరోగ్య రొట్టె అన్నట్టు ఒక్క క్షణం సందేహించింది.

మాత్రలు మాత్రం జీవితాంతం. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్, మల్టీవిటమిన్. త్వరగా చిక్కితే పిత్తాశయంలో రాళ్లు పడతాయని మొదటి ఆరు నెలలు ఇంకో మాత్ర. షుగరు మాత్రలు డాక్టరు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు. మూడు నాలుగు నెలలప్పుడు జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చింది, తర్వాత మళ్లీ మొలిచింది. రూమ్‌లో ఎవరి దగ్గరైనా ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఉంటాయి, అడిగితే ఇస్తారు. అవి కడుపులో పుండ్లు చేస్తాయి కాబట్టి నాకు పారాసిటమాలే. డాక్టరు చీటీ లేకుండా మందులు మోసుకురావద్దు, ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడాలి.

బ్రేక్ సంగతి ఇట్టా తేలింది. మా సూపర్‌వైజరు మలయాళీ, మంచోడే. అరగంటను పావుగంట చొప్పున రెండుగా విరగ్గొట్టుకోనిచ్చాడు. కాగితం మీద లేదు, ఆయన మారితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ రెండు పావుగంటల్లో నేను కూర్చుంటాను, ఫోను ముట్టను, కొయ్య స్పూను తీస్తాను.

ఈమధ్య మా ఫ్లోర్‌లోకి సింగరాయకొండ కుర్రాడొకడు వచ్చాడు, స్కాఫోల్డింగ్ పని, అంటే బిల్డింగులకు పరంజా కట్టడం. 118 కిలోలు. నా పాత ఫొటో చూసి, ఆస్పత్రి ఏది, ఎంతైంది, నొప్పి పుట్టిందా అని వరసగా అడిగాడు. చెప్పాను. తర్వాత నేనడిగాను, "మీ సైటులో తినడానికి ఎంతసేపు ఇస్తారబ్బాయ్?" అని. "ఎండాకాలం ఫరవాలేదన్నా, జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగింటి వరకు ఎండలో పని చేయించకూడదు కదా, అప్పుడు తీరిగ్గా తినొచ్చు" అన్నాడు. మరి మిగతా తొమ్మిది నెలలు ఎట్టా అన్నాను. ఫోర్‌మన్‌ను అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.