వేదిక లేని సాయంత్రాలు

నాయకత్వ శిక్షణ ముగిసి ధ్రువపత్రాలు అందుకున్న రోజున, ఇకముందు కూడా తరచూ కలుసుకుందామని మా బృందంలో అందరం ఒకరికొకరం మాట ఇచ్చుకున్నాం. ప్రతి వీడ్కోలు సభలోనూ వినిపించే మాటే ఇది. ఎవరి పనుల్లో వారు పడ్డాక సాధారణంగా మరుగున పడిపోతుంది కూడా. మన విషయంలో అలా కాలేదంటే, హనుమకొండలో రెండో శనివారం సాయంత్రం జరిగే పూర్వ విద్యార్థుల చర్చాగోష్ఠులే అందుకు కారణమని నా నమ్మకం. సమావేశాన్ని నడిపించడం, గ్రామ పంచాయతీ బడ్జెట్టును చదివి అర్థం చేసుకోవడం, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం వంటివన్నీ శిక్షణలోనే నేర్చుకున్నాం. అయితే నేర్చుకున్న విద్య ఎవరికి, ఎక్కడ అక్కరకు వస్తుందో తెలిసింది మాత్రం ఈ సాయంత్రాల్లోనే.

వీటి అవసరం ఎంతటిదో తెలియాలంటే జిల్లాల విభజనను గుర్తు చేసుకోవాలి. 2016 అక్టోబర్ 11కు ముందు, ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏటూరునాగారం నుంచి జనగామ దాకా ఎవరికి ఏ పెద్ద పని పడినా హనుమకొండ కలెక్టరేటుకే రావలసి ఉండేది. ప్రజావాణిలో ఫిర్యాదులు చెప్పుకోవడానికి వచ్చినవారు, సమీక్షలకు వచ్చిన ఉద్యోగులు, వినతిపత్రాలతో వచ్చిన సంఘాలవారు అదే ఆవరణలో చెట్ల కింద కలుసుకునేవారు. ఆ తరువాత జిల్లా మొదట ఐదుగా విడిపోయింది, 2019లో ములుగు కూడా ఏర్పడడంతో ఆరు అయింది. పాలన జనానికి దగ్గరైంది, అందులో సందేహం లేదు. దానితోపాటు, జనగామలో పనిచేసే వ్యవసాయ విస్తరణాధికారికి భూపాలపల్లిలో పనిచేసే తోటి ఉద్యోగి ముఖం తెలియని పరిస్థితి కూడా వచ్చింది. వాగులు, రోడ్లు, ధాన్యం లారీలు, రోగులు మాత్రం జిల్లా సరిహద్దులను చూసి ఆగవు. సరిహద్దులకు అటూ ఇటూ ఉన్నవారు ఎదురెదురుగా కూర్చునే చోటు మాకు ఈ గోష్ఠి తప్ప వేరే లేదని అనడంలో అతిశయోక్తి లేదు.

గోష్ఠి జరిగే తీరును కొత్తగా చేరినవారి కోసం కొంత వివరంగా రాయవలసి ఉంది. ఒక పాఠశాల యాజమాన్యం దయతో ఇచ్చిన హాలులో బల్లలను గోడ పక్కకు జరిపి, కొత్తవాడ జంపఖానాలు పరిచి, అందరం గుండ్రంగా కూర్చుంటాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కుర్చీలు వేస్తాం. వేదిక ఉండదు, పూలదండలు ఉండవు, శాలువాలు ఉండవు, జ్యోతి ప్రజ్వలనం ఉండదు. పరిచయం చేసుకునేటప్పుడు హోదా చెప్పకుండా పేరు, ఊరు మాత్రమే చెప్పాలన్న నియమం ఉంది. ఒక సాయంత్రానికి ఒకే విషయం. ఆ విషయంలో నష్టపోయినవారో కష్టపడుతున్నవారో ముందు మాట్లాడాలి, దాని గురించి చదివినవారూ అధికారం ఉన్నవారూ తరువాత మాట్లాడాలి. రాజకీయ పార్టీల ప్రస్తావన వస్తే నిర్వాహకులు మర్యాదగా ఆపుతారు. ఈ నియమాలన్నింటిలోకీ ముందు ఎవరు మాట్లాడాలన్న నియమమే ముఖ్యమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే హాలులో ఒక అధికారి మొదట మాట్లాడితే మిగిలినవారి మాటలన్నీ ఆయనకు సమాధానాలుగానో విన్నపాలుగానో మారిపోతాయి.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో పనిచేసేవాణ్ణి కాబట్టి, యాసంగి ధాన్యం కొనుగోళ్ల మీద జరిగిన గోష్ఠి నాకు అన్నింటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది. ప్రభుత్వం తరఫున మేం వడ్లు కొనే కేంద్రం అనగానే బయటివారికి కనబడేది వడ్ల కుప్పలు, కాంటా, గన్నీ సంచులు. లోపల జరిగే క్రమం పొడవైనది. తేమ 17 శాతానికి మించకుండా రైతు వడ్లు ఆరబెట్టాలి, తాలు పోయేలా తూర్పారబట్టాలి, టోకెన్ వరుస ప్రకారం 40 కిలోల చొప్పున సంచుల్లో నింపి తూకం వేయాలి, లారీ రావాలి, ఆ లారీ మిల్లులో దిగుమతి కావాలి, సరుకు ముట్టినట్లు మిల్లు నుంచి ట్రక్‌షీట్ అనే పత్రం తిరిగి రావాలి, అప్పుడు గాని రైతు ఖాతాలో డబ్బు పడే దారి తెరుచుకోదు. ఈ వరుసలో ఎక్కడ ఆలస్యం జరిగినా రైతు వచ్చి నిలదీసేది కేంద్రంలో కూర్చున్న మమ్మల్నే.

ఆ సాయంత్రం మొదట మాట్లాడింది పరకాల వైపు ఒక గ్రామంలో మహిళా సంఘం తరఫున కేంద్రం నడిపే అక్క. ఆమె తన చేతిసంచిలో నుంచి తేమ కొలిచే యంత్రాన్ని తీసి జంపఖానా మీద పెట్టి, "మా కాడ పదిహేడు వస్తే కాంటా పెడ్తం. లారీ మిల్లుకాడ రెండు దినాలు నిలవడ్డంక అక్కడ మల్ల పందొమ్మిది అంటరు. నడుమ ఆ రెండు ఎవరి ఇంట్ల పడ్డట్టు సారూ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా వెంటనే సమాధానం లేదు. మన పూర్వ విద్యార్థుల్లోనే లారీల యజమాని ఒకరు, మిల్లులో గుమాస్తాగా పనిచేసిన తమ్ముడు ఒకరు ఉండడం వల్ల, ఆరోపణలతో ముగిసిపోవలసిన చర్చ పని వివరాల్లోకి దిగింది. వర్షం పడిన రాత్రి లారీ మీద కప్పే పట్టా చిరిగి ఉంటే పైవరుస సంచులు తడుస్తాయని, మిల్లువారు తేమ చూసేందుకు తీసుకునే గింజలు ఆ పైవరుసలోవే ఉంటాయని గుమాస్తా తమ్ముడు చెప్పాడు. మిల్లుల్లో దిగుమతి చేసే హమాలీలు ఎక్కువగా బీహార్ నుంచి వచ్చినవారు కావడం వల్ల, వారు ఊళ్లకు వెళ్లిన రోజుల్లో లారీలు గేటు బయట బారులు తీరుతాయని యజమాని వివరించారు. నేను పనిచేసే ప్రాంతంలో ఒక మిల్లు సంచికి కిలోకు పైగా తరుగు పేరుతో తూకంలో కోత పెట్టిన సందర్భాన్ని నేను చెప్పాను. అక్కడే ఉన్న న్యాయవాది మిత్రురాలు, రైతు చేతికి కేంద్రంలోనే తేమ అంకె, సంచుల సంఖ్య, తేదీ వేసి సంతకంతో చీటీ ఇస్తే తరువాత ఫిర్యాదుకు ఆధారం ఉంటుందని సూచించారు.

తరువాతి సీజనులో మాలో కొన్ని కేంద్రాలవారం అలాంటి చీటీలు ఇవ్వడం మొదలుపెట్టాం, కేంద్రం తెరవడానికి ముందే మిల్లువారితో, లారీలవారితో ఒకసారి కూర్చున్నాం. తరుగు పూర్తిగా ఆగిందని చెప్పలేను, కానీ చీటీ ఉన్న రైతుతో వాదించే గొంతులో తేడా వచ్చింది, దిగుమతి ఆలస్యమయ్యే రోజులు మాకు ముందే తెలియసాగాయి. ఏ శిక్షణ తరగతిలోనైనా ఈ పాఠాన్ని చెప్పగల ఒకే ఒక్క అధ్యాపకుడు దొరకడు, ఎందుకంటే ఆ పాఠం ఐదారుగురి దగ్గర ముక్కలుగా ఉంది.

2023 జూలై వరదల తరువాత జరిగిన గోష్ఠి మరొక రకమైనది. ఆ నెల 26, 27 తేదీల మధ్య ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీట మునిగింది, ఇళ్ల కప్పులెక్కి గడిపిన వారిని హెలికాప్టర్లతో, పడవలతో తరలించవలసి వచ్చింది. హనుమకొండ, వరంగల్ నగరాల్లో నాలాల పక్కనున్న కాలనీలు చాలా మునిగాయి. ఆ సాయంత్రం పెద్దగా చర్చ జరగలేదు, ముందు అందరం విన్నాం. ములుగు వైపు నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు తడిసిపోయిన ఇళ్ల గురించి చెప్పారు, ఆశా కార్యకర్త ఒకరు నిండు గర్భిణులను ముందురోజే తరలించిన సంగతి చెప్పారు. నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన, కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరే దారి ఎలా ఉంటుందో, ఆ దారిలో ఇళ్లు కట్టుకున్నప్పుడు ఏమవుతుందో నల్లబల్ల మీద గీసి చూపించారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను గొప్పగా చెప్పుకుంటాం గాని వాటి కాల్వలు, మత్తడులు ఎటు పోతాయో మనలో చాలామందికి తెలియదని ఆయన అన్న మాట కటువుగానే తోచింది, అయినా నిజం. ఎగువ గ్రామాల సభ్యులు దిగువ గ్రామాల సభ్యులకు మత్తడి పడిన వెంటనే ఫోన్ చేయాలన్న ఏర్పాటు ఆ రాత్రే కుదిరింది. ఆ పేర్ల పట్టికను ఏటా తొలకరికి ముందు సరిచూసుకుంటున్నాం.

ముల్కనూరు మీద జరిగిన గోష్ఠిని కూడా తలచుకోకుండా ఉండలేను. భీమదేవరపల్లి మండలంలోని ఆ గ్రామంలో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి చొరవతో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు నేటికీ నిలదొక్కుకుని ఉంది. పరస్పర సహాయ సహకార చట్టం కింద ఏర్పడిన మహిళల పాల సంఘం కూడా అక్కడిదే. ఎన్నో సహకార సంఘాలు అప్పుల్లో కూరుకుపోయిన చోట అదొక్కటే ఎలా బాగుపడిందన్నది ఆనాటి ప్రశ్న. అప్పు, ఎరువు, విత్తనం ఇచ్చిన సంఘమే పంటను కూడా కొనడం వల్ల సభ్యుడికి సంఘంతో ఏడాది పొడవునా లావాదేవీ ఉంటుందని, అందుకే అతడు దాన్ని తనదిగా చూసుకుంటాడని తేలింది. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీ ఉండడాన్ని కొందరు దానికి జతచేసి మాట్లాడారు. నా వృత్తికి సంబంధించిన చర్చ కావడం వల్ల కావచ్చు, ఆ రాత్రి ఇంటికి వెళ్లాక మా సంఘం సభ్యత్వ రిజిస్టరు తీసి, ఎరువుల కోసం తప్ప ఇంకే పనికీ సంఘం గడప తొక్కనివారు ఎందరున్నారో లెక్క చూసుకున్నాను.

చర్చ ముగిశాక ఉండే అరగంటను కొందరు కాలక్షేపంగా భావిస్తారు. నేను అలా భావించను. ఎవరో ఒకరు ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి, వానాకాలమైతే మక్క గారెలు తింటూ, చాయ్ తాగుతూ జరిగే పరిచయాలే నెల పొడవునా పనిచేస్తాయి. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి రోగిని ఏ విభాగానికి, ఏ కాగితాలతో తీసుకుపోవాలో అడిగినవారు మనలో ఎందరో ఉన్నారు. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. దారి అడగడం వేరు, వరుస తప్పించమని అడగడం వేరు. పరిచయాలు పైరవీలకు దారితీస్తాయని పెద్దలు మొదట్లో భయపడ్డారు, ఆ భయం న్యాయమైనదే. మనలో ఎవరైనా బదిలీ కోసమో, కాంట్రాక్టు కోసమో ఇంకొకరిని ఇబ్బంది పెట్టినట్లు తెలిస్తే గోష్ఠిలో బాహాటంగా మాట్లాడాలన్న కట్టుబాటు అందుకే పెట్టుకున్నాం. దాన్ని సడలించకూడదు.

కలిసి కూర్చుని మాట్లాడుకోవడం ఈ నేలకు కొత్తేమీ కాదు. హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే ఏర్పడింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవలసిన నిజాం కాలంలో గ్రంథాలయాలే జనం కలుసుకునే చోట్లయ్యాయి. మనకు అలాంటి నిర్బంధం ఏదీ లేనప్పుడు నెలకు ఒక సాయంత్రం కేటాయించలేమా అని, రాలేకపోతున్నామని చెప్పే మిత్రులను నేను చనువుగా అడుగుతుంటాను. వాట్సాప్ బృందం ఉంది కదా అని కొందరి సమాధానం. సమాచారం చేరవేయడానికి అది చాలా మంచి సాధనం. అయితే తేమ యంత్రాన్ని ముందు పెట్టి ఆ అక్క అడిగిన ప్రశ్న ఫోన్ తెర మీద వచ్చి ఉంటే, నాలుగు నమస్కారపు గుర్తుల కింద కనబడకుండా పోయేది.

హాజరు విషయంలో నన్ను బాధించేవి రెండు. 2023 డిసెంబర్‌లో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక మన సోదరీమణుల రాక పెరిగింది, కానీ ఆఖరి బస్సు దాటిపోతుందని వారు చర్చ మధ్యలోనే లేచి వెళ్లవలసి వస్తోంది. సగం విషయం మీద వారి మాట లేకుండానే నిర్ణయాలు జరిగిపోతున్నాయి. ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి వైపు ఉన్నవారు రైలులో కాజీపేట దాకా వచ్చినా, తిరిగి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతోంది. గోష్ఠిని మధ్యాహ్నం మూడు గంటలకే మొదలుపెట్టాలని, రెండు నెలలకు ఒకసారి హనుమకొండ బయట పెట్టాలని నిర్వాహకులకు లిఖితపూర్వకంగా విన్నవించాను. మొదటిది మంచిర్యాలలో, సింగరేణి ప్రాంత గ్రామాల తాగునీటి మీద జరిగితే బాగుంటుంది. భూగర్భ గనుల పక్కనున్న ఊళ్లలో బావుల నీటిమట్టం ఎలా ఉందో అక్కడి సభ్యులే ముందు మాట్లాడాలి. కాజీపేట నుంచి పొద్దున రైలెక్కి వెళ్లేవారి పేర్లు నేను రాసుకుంటున్నాను.